ఎంఎన్‌సీలో (మొబైల్ నెట్‌వర్క్ కోడ్) ముందున్న సున్నా పోతోంది, కాలమ్ ఎలా పెట్టాలి?

ప్రశ్న:
కాల్ రికార్డుల డేటాబేస్‌లో ఎంసీసీ (మొబైల్ దేశపు కోడ్), ఎంఎన్‌సీ (నెట్‌వర్క్‌ను గుర్తించే కోడ్) రెండూ ఇంటిజర్ కాలమ్‌లు. 001-01, 001-001 రెండూ ఒకే వరుసలో కలిసిపోతున్నాయి. చూపించేటప్పుడు సున్నాలు చేర్చి మూడంకెలు చేస్తే చాలా? ఎంసీసీ నుంచి +91 లాంటి డయలింగ్ కోడ్ తీయొచ్చా?

జవాబు:
చాలదండి. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ఇచ్చిన ఇ.212 ప్రమాణం ప్రకారం ఎంసీసీ ఎప్పుడూ మూడంకెలే, ఎంఎన్‌సీ మాత్రం రెండైనా కావచ్చు, మూడైనా కావచ్చు. 01 వేరు, 001 వేరు. ఎన్ని అంకెలున్నాయన్నది కూడా ఆ కోడ్‌లో భాగమే. ఇంటిజర్‌లోకి వెళ్లగానే రెండూ 1 అవుతాయి, ఇక ఏది వచ్చిందో చెప్పే ఆధారం ఉండదు. పేరులో నంబరు అని ఉన్నా వీటితో ఎవరూ కూడికలు చేయరు కదా, టెక్స్ట్‌గానే దాచండి: ఎంసీసీకి సరిగ్గా 3 అక్షరాలు, ఎంఎన్‌సీకి 2 లేదా 3, అంకెలు తప్ప ఇంకేమీ రాకుండా ఒక చెక్.

ఇంటిజర్ తప్పదంటే పక్కనే ‘మూడంకెలా?’ అనే బూలియన్ పెట్టి, పోల్చినప్పుడల్లా రెండూ కలిపి పోల్చండి. ఓస్మోకామ్ అనే ఓపెన్ సోర్స్ మొబైల్ నెట్‌వర్క్ లైబ్రరీలో ఉన్న పద్ధతి ఇదే. ఖాళీకి గుర్తుగా 0 వాడకండి, 00 కూడా చెల్లే ఎంఎన్‌సీయే. ఆండ్రాయిడ్ కాన్ఫిగరేషన్‌లో 0 అంటే ‘తెలియదు’ అని ముందే పెట్టుకోవడం వల్ల అసలు సున్నా కోసం 65535 అనే విలువ కేటాయించాల్సి వచ్చింది. ఆండ్రాయిడ్ 9 నుంచి సెల్ వివరాల్లో ఎంసీసీ, ఎంఎన్‌సీ స్ట్రింగులుగా దొరుకుతాయి, పాత ఇంటిజర్ పద్ధతులు వాడొద్దు.

ప్రశ్న అడిగినవారు:
మాకు కొన్నిచోట్ల ఐఎంఎస్ఐ (ఎంసీసీ, ఎంఎన్‌సీలతో మొదలయ్యే సిమ్ చందాదారు నంబరు) ఒక్కటే వస్తుంది. అందులో ఎంఎన్‌సీ ఎక్కడ ముగుస్తుందో ఎలా తెలుసుకోవాలి?

జవాబు:
ఆ అంకెలను చూసి చెప్పలేం. సిమ్ చేతిలో ఉంటే అందులోని ఈఎఫ్-ఏడీ అనే ఫైలు నాలుగో బైటు చదవండి, దాని కింది నాలుగు బిట్లలో ఎంఎన్‌సీ పొడవు 2 లేదా 3గా ఉంటుంది. పాత సిమ్‌లలో ఆ బైటు ఉండకపోవచ్చు. అప్పుడు పట్టికే దిక్కు: ఐఎంఎస్ఐ మొదటి ఆరంకెలు మూడంకెల ఎంఎన్‌సీల జాబితాలో ఉన్నాయేమో చూసి, లేకపోతే ఐదంకెలతో వెతకండి. ‘ఈ ఎంసీసీకి ఇన్ని అంకెలు’ అని ఒకే నియమం రాసేయకండి. 405 కింద రెండంకెలవీ మూడంకెలవీ కలిసే ఉన్నాయి.

మరో సభ్యులు:
నెట్‌వర్క్ నుంచి మూడు బైట్లుగా వచ్చే కోడ్‌లో పొడవు తెలిసిపోతుంది, కానీ అంకెల వరుస తికమకగా ఉంటుంది. మొదటి బైటులో ఎంసీసీ రెండో అంకె, మొదటి అంకె. రెండో బైటులో ఎంఎన్‌సీ మూడో అంకె, ఎంసీసీ మూడో అంకె. మూడో బైటులో ఎంఎన్‌సీ రెండోది, మొదటిది. అలా 310-410 వస్తే 13 00 14 అవుతుంది. ఎంఎన్‌సీ రెండంకెలదైతే మూడో అంకె చోట ఎఫ్ (హెక్సాడెసిమల్ అంకె) వస్తుంది: 001-01 అంటే 00 ఎఫ్1 10. ఆ ఎఫ్‌ను 0గా చదివితే 01 కాస్తా 010 అయిపోతుంది, పరీక్షల్లో ముందుగా చూడాల్సింది ఇదే.

కోర్ నెట్‌వర్క్ డొమైన్ పేర్లలో మాత్రం రెండంకెల ఎంఎన్‌సీకి ముందు సున్నా చేర్చి మూడంకెలుగా రాస్తారు, 45 అక్కడ 045 అవుతుంది. అందుకే ఆ పేరు నుంచి వెనక్కి ఎంఎన్‌సీ తీసి డేటాబేస్‌లో వేయకండి.

జవాబు:
డయలింగ్ కోడ్ సంగతి: +91 ఫోన్ నంబర్ల ప్రమాణం ఇ.164లోది, ఎంసీసీ 404 ఇ.212లోది, రెండింటికీ లెక్క కుదరదు. భారత్‌కు 404, 405 రెండూ ఉన్నాయి, అమెరికాకు 310 నుంచి 316 దాకా ఉన్నాయి. +1 అమెరికా, కెనడాలు పంచుకుంటాయి. 901 ఏ దేశానిదీ కాదు, ఉపగ్రహ సేవల వంటి అంతర్జాతీయ నెట్‌వర్కులది. కాబట్టి ఎంసీసీ నుంచి దేశానికి ఒక పట్టిక, దేశం నుంచి డయలింగ్ కోడ్‌కు మరో పట్టిక పెట్టి, రెండింటిలోనూ ‘దేశం లేదు’ అనే జవాబుకు చోటివ్వండి.

ఇప్పటికే పాడైన వరుసలకు సున్నాలు ఊహించి చేర్చొద్దు. ముడి సీడీఆర్ (కాల్ వివరాల రికార్డు) ఫైళ్లు ఉంటే వాటినుంచే మళ్లీ నింపండి.