రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టడం లేదు: మాత్ర లేకుండా దారి ఉందా?

ప్రశ్న – లెక్కల టీచరు, గుంటూరు

నా వయసు నలభై ఎనిమిది. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. కిందటేడు మా అత్తగారికి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ జరిగినప్పుడు, రాత్రిళ్లు ఆమెను కనిపెట్టుకొని ఉండవలసి రావడంతో నా నిద్ర చెదిరింది. ఆమె కోలుకొని చేతికర్ర సాయంతో తన పనులు తాను చేసుకుంటున్నారు గానీ, నాకు మాత్రం నిద్ర తిరిగి రాలేదు. తొమ్మిదిన్నరకే మంచం ఎక్కుతాను, పదకొండు దాటేదాకా దొర్లుతూనే ఉంటాను. కాస్త కన్ను అంటుకున్నాక రెండింటికో మూడింటికో మెలకువ వస్తుంది, అక్కడి నుంచి ఐదున్నరకు అలారం మోగేదాకా చాలావరకు మాగన్నే. మొత్తం కలిపినా ఐదు గంటలకు మించదు. మధ్యాహ్నం నోటుపుస్తకాలు దిద్దుతుంటే అంకెలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి.

తెలిసినవారు చెప్పగా నిద్ర కోసం ఆల్ప్రజోలామ్ 0.25 మి.గ్రా. మాత్ర కొన్ని నెలలుగా వేసుకుంటున్నాను. మొదట్లో బాగానే పనిచేసింది, ఇప్పుడు వేసుకున్నా అంతే, వేసుకోకపోతే ఇంకా అధ్వానం. గసగసాల పాలు, అరికాళ్లకు నూనె మర్దన కూడా అయ్యాయి. ‘ఏమీ ఆలోచించకుండా పెందలాడే పడుకో’ అని అందరూ చెబుతున్నారు గానీ, ఆలోచించకుండా ఉండడం ఎలాగో ఎవరూ చెప్పడం లేదు. అనుభవం ఉన్నవారు, తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు – క్లినికల్ సైకాలజిస్టు, విశాఖపట్నం

మేడమ్ గారూ, ఆ ‘పెందలాడే పడుకోవడం’ దగ్గరే చిక్కంతా ఉందని నా అభిప్రాయం.

వారానికి మూడు రాత్రులైనా, మూడు నెలలకు పైబడి ఇలా సాగితే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. దీన్ని అర్థం చేసుకోవడానికి ఆర్థర్ స్పీల్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త చూపిన దారి నాకు బాగా నచ్చుతుంది. నిద్రను చెడగొట్టిన కారణం ఒకటైతే, దాన్ని బాగుపడనీయకుండా పట్టి ఉంచే కారణం మరొకటి కావచ్చునని ఆయన అన్నారు. మీ విషయంలో మొదటిది అత్తగారి అనారోగ్యం, అది తీరిపోయింది. తగ్గిన నిద్రను ఎలాగైనా రాబట్టాలని మీరు మంచం మీద ఎక్కువసేపు గడపడం రెండోది, అది ఇంకా కొనసాగుతోంది. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగుపడుతూ నిద్ర ఒత్తిడిని పెంచుతుంది. ఆ ఒత్తిడి చాలినంత పెరగకముందే తొమ్మిదిన్నరకు పక్క ఎక్కితే నిద్ర రాదు, వచ్చినా పలచగా ఉండి త్వరగా తెగిపోతుంది.

మీరు లెక్కలు చెప్పేవారు కాబట్టి లెక్కలోనే చూద్దాం. మంచం మీద గడుపుతున్నది ఎనిమిది గంటలు, నిద్ర ఐదు గంటలు, అంటే 62.5 శాతం. దీన్ని 85 శాతానికి తీసుకురావాలి. అందుకు నిద్రను పెంచబోకుండా ముందుగా మంచం మీద ఉండే సమయాన్ని తగ్గిస్తారు. ఐదున్నరకు లేవడాన్ని ఆదివారంతో సహా మార్చకుండా ఉంచి, రాత్రి పన్నెండింటికి ముందు పక్క ఎక్కకూడదు. ఆ ఐదున్నర గంటల్లో సగటున నాలుగు గంటల నలభై నిమిషాల నిద్ర వారం పొడుగునా పడితే, ఆ తరువాతి వారం పదిహేను నిమిషాలు ముందు పడుకోవచ్చు. అలా మెల్లగా వెనక్కి జరుపుకొంటూ, పగలు హుషారుగా ఉండేంత నిద్ర పట్టే చోట ఆగాలి. మంచం మీది సమయాన్ని ఐదు గంటలకన్న తగ్గించరు. మొదటి రెండు వారాలు ఒళ్లు బరువుగా, చిరాకుగా ఉంటుంది. చాలామంది ఇక్కడే విడిచిపెట్టేస్తారు. ఆ రోజుల్లో స్కూటీ నడపకుండా ఆటోలోనో బస్సులోనో బడికి వెళ్లండి. మూర్ఛ, బైపోలార్ జబ్బు ఉన్నవారు దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు. మాత్ర వాడుతున్నారు కనుక మీరు కూడా వైద్యుడికి చెప్పే మొదలుపెట్టండి.

రెండో పద్ధతి 1972లో రిచర్డ్ బూట్‌జిన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ప్రతిపాదించినది. మంచం నిద్రకే గానీ ఫోనుకూ, దిద్దే పుస్తకాలకూ, రేపటి పనుల చింతకూ కాదు. నిద్ర పట్టడం లేదని తోచగానే లేచి వేరేచోట మసక వెలుతురులో కూర్చొని, కునుకు ముంచుకొచ్చినప్పుడే తిరిగి వెళ్లాలి. గడియారం కంటికి కనిపించకూడదు. రెండయిందా, మూడయిందా అని చూసుకొని మిగిలిన గంటలు లెక్కవేయడమే సగం మెలకువకు కారణం.

ఈ రెండింటినీ, ‘ఈ రాత్రి నిద్రపోకపోతే రేపు నాశనం’ వంటి ఆలోచనలను సరిదిద్దే శిక్షణను కలిపి సిబిటి-ఐ (నిద్రలేమికి చేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అంటారు. పెద్దవారిలో దీర్ఘకాలిక నిద్రలేమికి మొదటి చికిత్సగా మాత్రను కాక దీన్నే వాడాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం సిఫారసు చేసింది.

జవాబు – ఫార్మసిస్టు, వరంగల్

పై పద్ధతి గురించి నేను చెప్పగలిగింది లేదు గానీ, మాత్ర గురించి ఒక హెచ్చరిక చేయాలి. అమ్మా, దాన్ని రేపే ఆపేయకండి. కొన్ని నెలలు వాడిన ఆల్ప్రజోలామ్‌ను ఒక్కసారిగా మానేస్తే మునుపటికంటే ఎక్కువగా నిద్ర తప్పుతుంది, గుండెదడ, వణుకు రావచ్చు, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. మా తెలంగాణలో కల్తీ కల్లుకు అలవాటుపడినవారు అది దొరకని రోజున వణుకుతూ, పిచ్చిగా మాట్లాడుతూ ఆసుపత్రుల్లో చేరిన వార్తలు మీరు చదివే ఉంటారు. ఆ కల్లులో కలిపే మందుల్లో ఆల్ప్రజోలామ్ ఒకటి. మీ మోతాదు చిన్నదే అయినా, దాన్ని వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించే పట్టిక వైద్యుడు రాసివ్వాలి. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ చూసి, రోగి పేరూ వైద్యుడి పేరూ రిజిస్టరులో రాసుకున్న తరువాతే దుకాణదారు ఇవ్వాలి. చీటీ అడగకుండా ఇచ్చే దుకాణం మీకు మేలు చేస్తున్నట్టు కాదు. ఆ మాత్రకు బదులుగా మగత తెచ్చే జలుబు మాత్రలు వేసుకోమని ఎవరైనా చెబితే అదీ వినకండి.

జవాబు – గృహిణి, హైదరాబాద్

మీ వయసు చూసి అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మెలకువ వచ్చినప్పుడు ఒళ్లంతా వేడెక్కి చెమటలు పడుతున్నాయా? నాకు ముట్లు ఆగే రోజుల్లో అలాగే అయ్యేది, దానికి చికిత్స వేరు. గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టవుతోందని ఇంట్లోవాళ్లు చెబితే స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించుకోవాలి. పడుకోగానే కాళ్లు కదిలించకుండా ఉండలేకపోతుంటే ఇనుము నిల్వలు చూపించుకోండి. ఇవేమీ కావని తేలాకే పైన చెప్పిన లెక్క మొదలుపెట్టడం మంచిదని నాకు అనిపిస్తోంది.

లెక్కల టీచరు, గుంటూరు

అందరికీ ధన్యవాదాలు. గురక గానీ, చెమటలు గానీ లేవు, కాళ్ల బాధా లేదు. మాత్ర గురించి వైద్యుడిని కలుస్తాను. మాది ఒకే పడకగది ఇల్లు, హాల్లో అత్తగారు పడుకుంటారు. రెండింటికి లేస్తే ఎక్కడ కూర్చోవాలి? పన్నెండింటిదాకా మెలకువగా ఉండడానికి సాయంత్రం కాఫీ తాగవచ్చా?

క్లినికల్ సైకాలజిస్టు, విశాఖపట్నం

వంటింట్లో పీట వేసుకొని కూర్చున్నా సరిపోతుంది, మంచం దిగడమే ముఖ్యం. పెద్ద దీపం వేయకండి, ఫోను ముట్టుకోకండి. ఆసక్తి పుట్టించే నవల వద్దు, పాత వారపత్రిక చాలు.

కాఫీ మధ్యాహ్నం భోజనం తరువాత వద్దు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదారు గంటలు పడుతుంది, పైగా అది పనిచేసేది ఆ అడినోసిన్‌ను అడ్డుకొనే. రాత్రి పది దాటాక నిద్ర ముంచుకొస్తుంటే నిలబడి చేసే పని ఏదైనా పెట్టుకోండి, మరునాటి కూరగాయలు తరగడమో, బట్టలు మడతపెట్టడమో. పదిన్నర ప్రాంతంలో గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయడమూ మంచిదే. చర్మానికి రక్తం ఎక్కువగా చేరి, ఆ తరువాత గంటన్నరలో ఒంటి లోపలి వేడి తగ్గుతుంది కనుక పన్నెండింటికి నిద్ర తేలికగా పడుతుంది.

ఈ చికిత్స తెలిసినవారు మీ ఊళ్లో దొరకకపోతే 14416కు ఫోను చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మాట్లాడే ముందు రెండు వారాలపాటు ఎన్నింటికి పడుకున్నారో, ఎన్నింటికి లేచారో, నిద్ర ఎంత పట్టిందో ఉదయం లేచాక అంచనాగా ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. ఎవరి దగ్గరకు వెళ్లినా ముందు అడిగేది అదే.