మూత మూసి తెరిచాక క్యూబ్స్‌లో వైఫై తిరిగి రావడం లేదు

కడపలో దస్తావేజులు రాసే పని నాది. కక్షిదారులు పంపే ఫైళ్లలో దేని వెంట ఏ వైరస్ వస్తుందో తెలియదు కనుక, ఒక్కొక్క పనిని జెన్ (ఒకే కంప్యూటర్‌లో పలు వర్చువల్ యంత్రాలను నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడిచే వేర్వేరు వర్చువల్ యంత్రాలుగా, అంటే క్యూబ్‌లుగా, విడదీసే క్యూబ్స్ 4.2 ఆపరేటింగ్ సిస్టమ్‌ను రెండు నెలలుగా వాడుతున్నాను. అనుమానం ఉన్న పీడీఎఫ్‌ను డిస్పోజబుల్‌లో (మూయగానే చెరిగిపోయే తాత్కాలిక క్యూబ్‌లో) తెరిచి మూసేయగలగడం ఒక్కటి చాలు, దీన్ని వదలబుద్ధి కాదు.

చిక్కల్లా ఒక్కటే. ల్యాప్‌టాప్ మూత మూసి రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లొచ్చి తెరిస్తే, నెట్‌వర్క్ కార్డును చూసుకునే సిస్-నెట్ క్యూబ్ నడుస్తున్నట్లే కనిపిస్తుంది గాని, వైఫై జాబితా ఖాళీగా ఉంటుంది. యంత్రమంతటినీ నిర్వహించే డామ్0లో, హార్డ్‌వేర్ జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ ఇస్తే వైఫై కార్డు కనిపిస్తూనే ఉంది. సిస్-నెట్‌ను బలవంతంగా ఆపి మళ్లీ మొదలుపెడితే నెట్ వస్తుంది. అయితే మిగతా క్యూబ్‌లకు నెట్ అందించే సిస్-ఫైర్‌వాల్ దాని మీదే ఆధారపడి ఉన్నందున ప్రతిసారీ అదొక తతంగం.

సిస్-నెట్‌లోని సస్పెండ్-మాడ్యూల్-బ్లాక్‌లిస్ట్ ఫైలులో (ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళ్లేముందు తీసేయాల్సిన డ్రైవర్ల జాబితా) కార్డు డ్రైవర్ మాడ్యూళ్లు రెండింటి పేర్లూ చేర్చాను, ఫలితం లేదు. ఒకదానిపై ఒకటి ఆధారపడే మాడ్యూళ్లను ఆ ఫైలులో ఏ వరుసలో రాయాలి? కార్డు సరిగా రీసెట్ కాకపోయినా క్యూబ్‌కు ఇవ్వనిచ్చే నో-స్ట్రిక్ట్-రీసెట్ పెట్టమని ఒక మిత్రుడు అన్నారు; అది సిస్-నెట్ అసలు మొదలుకానప్పుడు వాడేదని, పైగా రక్షణను కొంత సడలిస్తుందని విని ఆగాను. అది ఇక్కడ పనికివస్తుందా?

డామ్0కు నెట్ ఉండదు గనుక, ఏ లాగ్ కావాలో చెబితే వేరే క్యూబ్‌లోకి కాపీ చేసి పంపగలను.