తెవికీ లింకుల నెట్‌వర్క్: గెఫీలో ఏమీ తేలడం లేదు

గోదారిగట్టు: తెలుగు వికీపీడియా వ్యాసాల మధ్య లింకులు ఎలా ఉన్నాయో చూద్దామని పేజ్‌లింక్స్ డంప్ (ఏ పేజీ నుంచి ఏ పేజీకి లింకుందో చెప్పే పట్టిక) దించి, ముప్పై వేల నోడ్లు (ఒక్కో వ్యాసం ఒక్కో చుక్క) నెట్‌వర్క్ బొమ్మలు గీసే గెఫీలోకి ఎక్కించాను. నోడ్లను సర్దే ఫోర్స్‌అట్లాస్2 లేఅవుట్ ఎంతసేపు నడిపినా దారపు ఉండలా చుట్టుకుపోతోంది. పేర్లన్నీ డబ్బాలు డబ్బాలుగా వస్తున్నాయి. వేరే సాఫ్ట్‌వేర్‌కి మారాలా?

నల్లరేగడి: గెఫీలోనే చూడండి. ఫోర్స్‌అట్లాస్2 సెట్టింగుల్లో లిన్‌లాగ్ మోడ్ పెట్టి స్కేలింగ్ పెంచితే గుంపులు విడతాయి. నోడ్లు ఒకదానిమీదొకటి పడకుండా ఆపే ప్రివెంట్ ఓవర్‌ల్యాప్ మాత్రం అన్నీ కుదురుకున్నాకే. డబ్బాలంటే ఆ ఫాంట్‌లో తెలుగు లేదన్నమాట, నోటో సాన్స్ తెలుగు పెట్టండి. ఫైలు యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ఉండాలి.

సంధ్య_ఆర్: అసలు సంగతి లేఅవుట్ కాదండీ, డేటా. పేజ్‌లింక్స్‌లో మూసల (చాలా పేజీల్లో ఒకేలా చేర్చే టెంప్లేట్ల) నుంచి వచ్చే లింకులూ కలిసే ఉంటాయి. ఊళ్ల వ్యాసాల అడుగున మండలంలోని గ్రామాల మూస చూశారుగా? ఇరవై ఊళ్లుంటే ప్రతి ఊరూ మిగతా పందొమ్మిదింటికీ లింకు ఇచ్చినట్టే, మొత్తం 380. ఇన్ని మండలాలకు ఎన్నవుతాయో చూసుకోండి! ఒక్కటీ ఎవరూ వాక్యంలో రాసిన లింకు కాదు. వ్యాసాల మూల పాఠ్యం ఉండే పేజెస్-ఆర్టికల్స్ డంప్ తీసుకుని, వ్యాసం పాఠ్యంలో ఉన్న లింకులే ఏరండి. దారిమార్పు పేజీలను (వేరే పేరుతో ఉండి అసలు వ్యాసానికి పంపేవి) అసలు వ్యాసంతో కలపకపోతే ఒకే ఊరు రెండు నోడ్లవుతుంది.

పైథాన్‌పిల్ల: లెక్కలు ఐగ్రాఫ్ లైబ్రరీలో చేసి, బొమ్మకే గెఫీ వాడండి. బిట్వీన్‌నెస్ (మిగతా నోడ్ల మధ్య దగ్గరి దారుల్లో ఒక నోడ్ ఎంతగా పడుతుందో చెప్పే కొలత) కోసం ప్రతి నోడ్ నుంచీ దారులు వెతకాలి. నెట్‌వర్క్‌ఎక్స్ అనే ఇంకో లైబ్రరీ ప్రధానంగా పైథాన్‌లో రాసింది, ఇంత పెద్దదానికి బాగా నెమ్మది. ఐగ్రాఫ్ లోపల సీ భాషలో రాసింది, వేగం ఎక్కువ. నోడ్లను గుంపులుగా విడదీసే గెఫీ మాడ్యులారిటీ వెనక ఉన్నది 2008 నాటి లూవాన్ పద్ధతి. అది ఒక్కోసారి లోపల లింకే లేని ముక్కల్ని కూడా ఒకే గుంపులో వేస్తుంది. 2019లో వచ్చిన లైడెన్ పద్ధతి ఆ లోపాన్ని సరిచేసింది, ఐగ్రాఫ్‌లో ఉంది.

నల్లరేగడి: బొమ్మ కూడా పైథాన్‌లోనే గీద్దామనుకుంటే ఒక మాట. మా దగ్గరున్న మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఒత్తులు విడిపోతున్నాయి, ‘శ్రీకాకుళం’లో మొదటి అక్షరమే చెదిరిపోతుంది. గెఫీ నుంచి ఎస్‌వీజీగా తీసి ఇంక్‌స్కేప్‌లో సర్దుకోవడమే మేలు.

గోదారిగట్టు: సంధ్య గారూ, మీరన్నది నిజమే. పెద్ద ముద్దల్లో ఒకటి తెరిచి చూస్తే అన్నీ ఒకే మండలం ఊళ్లు. కొత్త డంప్ దించుతున్నాను. సమాచారపెట్టెలో (వ్యాసం పక్కన ముఖ్య వివరాలిచ్చే పెట్టె) ఉన్న లింకుల్ని ఉంచాలా, తీసేయాలా?

సంధ్య_ఆర్: ఉంచండి, అవి ఆ వ్యాసం పాఠ్యంలోనే ఉంటాయి. కాకపోతే జిల్లా, రాష్ట్రం నోడ్లకు డిగ్రీ (లింకుల సంఖ్య) విపరీతంగా పెరుగుతుంది. వాటిని తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి లైడెన్ నడిపి పోల్చండి.