పోరాట ఘట్టం ఆసాంతం ఆర్కెస్ట్రా మోగాల్సిందేనా?

పటమట కీబోర్డు:

విజయవాడలో లఘుచిత్రాలకు, చిన్న సినిమాలకు రీరికార్డింగ్ (నేపథ్య సంగీతం) చేస్తుంటాను. నెల క్రితం ఒక లఘుచిత్రంలోని ఫైటు నా చేతికి వచ్చింది. పాత ధాన్యం గోదాము, హీరో, అతని మీదికి వచ్చే నలుగురు, ఒక ఇనుప తలుపు, ఒక గాజు కిటికీ. నిడివి 3 నిమిషాల 10 సెకన్లు. కంప్యూటర్‌లో ఎంతమంది వాద్యకారులు కావాలంటే అంతమంది దొరుకుతారు కాబట్టి ఎవరినీ వదల్లేదు. 60 తీగ వాయిద్యాలు, ఆరు ఫ్రెంచ్ హారన్లు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, ట్యూబా, జపాను టైకో డోళ్లు, వాటి మీద కోరస్. మొదటి సెకను నుంచి చివరి సెకను దాకా ఎక్కడా ఖాళీ లేదు. ఇంట్లో హెడ్‌ఫోన్‌లో వింటుంటే ఒళ్లు గగుర్పొడిచింది. దర్శకుడైతే కౌగిలించుకున్నాడు.

పోయిన ఆదివారం ఒక హాల్లో తెర మీద వేశారు. ఫైటు మొదలై అరనిమిషం కాకముందే నా ముందు వరసలో ఒకాయన ఫోను తీసి మెసేజీలు చూసుకోవడం మొదలుపెట్టాడు. తెర మీద మనిషి ప్రాణాల కోసం పెనుగులాడుతున్నాడు, చుట్టూ అంత సంగీతం మోగుతోంది, ఆయనకు ఏమీ పట్టలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి నాకు గట్టిగా అనిపిస్తున్నది ఇది: ఫైటును ఆర్కెస్ట్రాతో నింపేయడమే నేను చేసిన తప్పు. 1968లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘బుల్లిట్’లోని కారు ఛేజ్ చూడండి. లాలో షిఫ్రిన్ సంగీతం కార్లు ఒకదాన్నొకటి వెంటాడబోయే క్షణం దాకా ఉత్కంఠ పెంచుతూ వస్తుంది. అసలు పరుగు మొదలవగానే ఆగిపోతుంది. ఆ తరువాత ఇంజన్లు, టైర్లు మాత్రమే. మన వాళ్లం ఎందుకు ఆపలేకపోతున్నాం? నా బిట్టు, దాని నొటేషన్ రెండూ ఇక్కడ పెట్టాను. విని చెప్పండి.

గాంధీనగర్ మొదటి ఆట:

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. కానీ నువ్వు పట్టుకున్న ఉదాహరణ మన ఫైటుకు అతకదు. ముప్ఫై ఏళ్లుగా మొదటి రోజు మొదటి ఆట చూస్తున్నవాణ్ణి, నా మాట విను. ఆ ఛేజ్‌లో కారు మామూలు వేగంతో పోతుంది, దానికి సొంత చప్పుడు ఉంది. మన హీరో గుద్దితే ఏమవుతుంది? సెకనుకు 120 ఫ్రేములతో తీసి 24 ఫ్రేములతో చూపిస్తారు. కాలం ఐదింతలు సాగుతుంది. అరసెకనులో పడాల్సిన గుద్దు రెండున్నర సెకన్లు పడుతుంది. గాలిలో లేచిన దుమ్ము, చెమట చుక్క, అవతలివాడి దవడ కదలడం, అన్నీ కనిపిస్తాయి. ఆ రెండున్నర సెకన్లలో వినిపించే సహజమైన చప్పుడు ప్రపంచంలో ఎక్కడుంది? అక్కడ సంగీతం ఆపితే హాలు పాడుబడ్డ ఇల్లులా ఉంటుంది.

మన ఫైటు నాట్యానికి దగ్గర చుట్టం. ఫైట్ మాస్టర్ దాన్ని లెక్కతో కూర్చుతాడు. మచిలీపట్నంలో పుట్టిన మణిశర్మ గారి నేపథ్య సంగీతానికి మన హాళ్లలో ఎన్ని ఈలలు పడ్డాయో నేను కళ్లారా చూశాను. ఒకాయన ఫోను తీశాడని వాయిద్యాలను ఇంటికి పంపేయకు.

సత్యనారాయణపురం వయోలిన్:

నొటేషన్ చూశాను నాయనా. ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు వయోలిన్ చెబుతున్నాను కాబట్టి నా చూపు ముందు తీగల మీదికే పోయింది. నిమిషానికి 160 మాత్రల (తాళం దెబ్బల) వేగం, ఒక్కో మాత్రకు నాలుగు స్వరాలు. నిమిషానికి 640, మూడు నిమిషాలకు 1,920 సార్లు కమాను తీగ మీద ఎగిరిపడాలి. కంప్యూటర్‌కు మణికట్టు లేదు కాబట్టి చివరి స్వరం కూడా మొదటిదానిలాగే పలికింది. వినేవాడి చెవి మాత్రం ఇరవయ్యో సెకనుకే దాన్ని ఫ్యాను చప్పుడు కింద జమ కట్టేసింది. ఆయన ఫోను తీయడానికి అదే కారణం అయి ఉండవచ్చు.

అసలు విషయం వేరే ఉంది. మీ ఫైటులో హీరో ఇనుప తలుపును తన్నేది 14వ సెకను దగ్గర. గాజు కిటికీ పగిలేది 21.5 దగ్గర. మధ్య 7.5 సెకన్లు. మీ 160 వేగంలో అది సరిగ్గా 20 మాత్రలు, అంటే ఐదు నాలుగులు. గాజు సమం మీద, అంటే తాళం మళ్లీ మొదలయ్యే మాత్ర మీద, చక్కగా పగిలింది. అదే ఇబ్బంది. నాలుగేసి చొప్పున లెక్కకు అలవాటుపడ్డ చెవి, గాజు ఎప్పుడు పగులుతుందో ముందే కనిపెట్టేసింది.

ఇప్పుడు వేగం మార్చి చూడండి. 128లో ఆ 7.5 సెకన్లు 16 మాత్రలు, మళ్లీ నాలుగులే. 120లో 15, అంటే మూడు ఐదులు. 112లో 14, అంటే రెండు ఏడులు. నేనైతే 112 తీసుకుంటాను. తకిట తకధిమి, తకిట తకధిమి, పగలాలి. నాలుగుల అలవాటున్న చెవి పదహారు కోసం చూస్తుంటే పధ్నాలుగుకే గాజు మీద పడుతుంది. వేగం తగ్గింది, కానీ గుండె జారుతుంది. ఏడు మాత్రల తాళం మిశ్ర చాపు మనకు కొత్తదేమీ కాదు. ఐదును తక్కువ చేయడం లేదు. 1914లో గుస్తావ్ హోల్స్ట్ యుద్ధదేవత కుజుడి మీద రాసిన ఆర్కెస్ట్రా రచన ఆసాంతం దాదాపుగా ఐదు మాత్రల మీదే నడుస్తుంది. ఆ ఒక మాత్ర ఎక్కువ కావడం వల్లనే సైన్యం అడుగు ఎక్కడ పడుతుందో తెలియక భయం వేస్తుంది.

నింపాలా, ఆపాలా అన్నది తరువాత మాట్లాడుకుందాం. ముందు లెక్క మార్చండి.

మిక్సింగ్ గది:

సినిమాలకు శబ్దం కలిపే పని నాది. సంగీతం గొప్పదే కావచ్చు, ఎప్పుడూ తగువు మాత్రం నా బల్ల మీదే తీరాలి. మీ బిట్టులో తలుపు తన్నిన క్షణంలో టైకో, ట్యూబా, డబుల్ బాస్ మూడూ ఉన్నాయి. డబుల్ బాస్ అట్టడుగు తీగ సుమారు 41 హెర్ట్జ్. ఇనుప తలుపు దిమ్మదిరిగే చప్పుడు బలమంతా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అడుగు శబ్దాలు పలికే స్పీకరు సబ్‌ఊఫర్ కోసం కేటాయించిన చానెల్ మొత్తం 120 హెర్ట్జ్ లోపే. ఆ ఇరుకు గుమ్మంలో నలుగురు ఒకేసారి దూరితే ఎవరూ లోపలికి రారు.

అప్పుడు ఏమవుతుందో చెబుతాను. దర్శకుడు తలుపు పెంచమంటాడు, సంగీతకారుడు డోలు పెంచమంటాడు. రెండూ పెంచుతాం. సినిమాను హాల్లో ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) 7 మీద ఉంటుందని నమ్మి, తెర వెనక ఒక్కో స్పీకరుకు 85 డెసిబెల్స్ ప్రమాణంతో కలుపుతాం. ఫైటుకు జనం చెవులు మూసుకుంటే ఆపరేటర్ దాన్ని 5కు దించుతాడు. మళ్లీ పెంచడు. తరువాతి సన్నివేశంలో తల్లి కొడుకుతో మెల్లగా చెప్పే మాట ఎవరికీ వినబడదు. మీ ఫైటు పక్క సన్నివేశాన్ని కూడా చంపేసింది. నాకు నిజంగా కోపం తెప్పించేది ఇదే.

నాది చిన్న కోరిక. తలుపు చప్పుడు పడే చోట కింది స్వరాలన్నీ ఖాళీ చేయండి. వయోలిన్లు పైన సన్నగా ఉండనివ్వండి. ఇంకొకటి, దెబ్బకు సంగీతం ఒకటి రెండు ఫ్రేములు ఆలస్యమైతే కంగారుపడవద్దు. తెరకు 24 మీటర్ల వెనక కూర్చున్నవారికి శబ్దం చేరేసరికి ఎలాగూ ఒకటిన్నర ఫ్రేము పైనే గడిచిపోతుంది. ముందు పడితేనే నకిలీగా ఉంటుంది.

అరండల్‌పేట ట్రంపెట్:

గుంటూరులో పెళ్లి ఊరేగింపులకు బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయిస్తాను. మీ అంత చదువు లేదు, ఊపిరి గురించి మాత్రం చెప్పగలను. 48వ సెకనులో మీ బాకాలు ఒక సంగతి పట్టుకున్నాయి. 1 నిమిషం 20 సెకన్ల దాకా వదల్లేదు. 32 సెకన్లు! అంత గట్టిగా, అంత పైస్థాయిలో, ఊపిరి తీయకుండా మనిషి వాయించలేడు. వింటుంటే నాకే ఆయాసం వచ్చింది, కానీ అది ఫైటు చూసి వచ్చిన ఆయాసం కాదు.

మేము ఎలా చేస్తామో చెబుతాను. పెళ్లికూతురి ఇంటి గుమ్మం ముందు పై షడ్జం (పైస్థాయి ‘స’) అందుకోవాలి, అందరూ ఎదురుచూసేది దానికోసమే. అందుకని రెండు వీధుల ముందే ట్రంపెట్ దించేస్తాను. పెదవులు తడుపుకుంటూ డప్పుల వెనక నడుస్తాను. మేళంలో బాకా ఆగిపోయిందని జనం వెనక్కి తిరిగి చూస్తారు కూడా. గుమ్మం ముందు అందుకున్నప్పుడు మేడ మీదివాళ్లు కూడా కిందికి చూస్తారు. దారి పొడవునా వాయిస్తూ వచ్చి ఉంటే పెదవి తెగేది, పైకి ఎవరూ చూసేవారు కాదు. తమ్ముడు రాసిన కాగితంలో బాకాలకు ఒక్క విరామ చిహ్నం కూడా లేదు.

బ్రాడీపేట పాఠకుడు:

బుర్రకథకు పద్మశ్రీ తెచ్చిన షేక్ నాజర్ గారు పుట్టింది మన గుంటూరు జిల్లా పొన్నెకల్లులోనే. ఆయన్ను చూసే అదృష్టం నాకు లేదు కానీ, చిన్నప్పుడు మా ఊరి రామాలయం ముందు వేరే దళం చెప్పిన పల్నాటి యుద్ధం కథ ఇప్పటికీ కళ్లకు కడుతుంది. కథకుడి భుజాన తంబూర, వేళ్లకు గలగలలాడే అందెలు, ఇరుపక్కలా వంతపాడేవారికి రెండు గుమ్మెటలు (చిన్న డోళ్లు). అంతే వారి ఆర్కెస్ట్రా. బాలచంద్రుడు కత్తి దూసే దాకా గుమ్మెటలు ఊపిరాడనివ్వలేదు. కత్తి లేచింది. రెండు గుమ్మెటలూ టక్కున ఆగాయి. కథకుడు ఒంటికాలి మీద నిలబడి అందెలు మాత్రం చిన్నగా, చిటిక వేసినట్టు ఆడించాడు. మా నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు పడింది దెబ్బ. షిఫ్రిన్ దాకా వెళ్లనక్కర్లేదు, ఆపడం మన పల్లెలకు తెలిసిన విద్యే.

గాంధీనగర్ మొదటి ఆట:

బ్రాడీపేట గారూ, చాలా బాగా చెప్పారు, చదువుతుంటే నాకూ మా ఊరు గుర్తొచ్చింది. కానీ అక్కడ గుమ్మెటలు ఆగినప్పుడు మిమ్మల్ని పట్టుకున్నది కథకుడి ముఖం. అతను కదలకుండా ఎంతసేపైనా నిలబడగలడు. సినిమాలో రెండు సెకన్లకో షాటు మారిపోతుంది. ముక్కలైన ఆ షాట్లను ఒక్క దారానికి గుచ్చేది సంగీతమే.

ఆపడం గొప్పదంటున్నారు కాబట్టి ఇదీ వినండి. 1960 నాటి ‘సైకో’లో స్నానాలగది హత్యకు సంగీతమే వద్దన్నాడు హిచ్‌కాక్. బెర్నార్డ్ హెర్మన్ వినకుండా రాశాడు. విన్నాక దర్శకుడే ఒప్పుకున్నాడు. నిశ్శబ్దమే గెలిచి ఉంటే ప్రపంచానికి ఆ వయోలిన్ల కేకలు దక్కేవి కావు.

సత్యనారాయణపురం వయోలిన్:

నిజమే. అయితే హెర్మన్ ఆ సినిమా మొత్తానికీ తీగ వాయిద్యాలు తప్ప మరొకటి వాడలేదన్న సంగతి కూడా చెప్పాలి కదండీ. బాకా లేదు, డోలు లేదు. నిండుగా రాయడం వేరు, అన్నిటినీ రాయడం వేరు.

పటమట కీబోర్డు:

నాలుగు రాత్రులు కూర్చుని మళ్లీ రాశాను. ఏమేం మార్చానో చెబుతాను.

వేగం 112కు దించాను. తలుపు నుంచి కిటికీ దాకా రెండు ఏడులు. మాస్టారు చెప్పింది చేతిలోకి వచ్చేసరికి ఒళ్లు జలదరించింది. తలుపు దగ్గర టైకో, ట్యూబా, డబుల్ బాస్ తీసేశాను, పైన ఎనిమిది వయోలిన్లు మాత్రమే ఉన్నాయి. కోరస్ పూర్తిగా తొలగించాను, దాని గురించి ఇక్కడ ఎవరూ అడగలేదు కానీ అది అక్కడ ఎందుకు ఉందో నాకే తెలియదు. ట్రంపెట్లు మొదటి నిమిషంన్నరలో లేవు. వచ్చాక కూడా నాలుగేసి సెకన్లకు ఊపిరి తీస్తాయి. ఆ ఖాళీల్లో నటుడి ఊపిరి వినబడుతోంది. షూటింగ్‌లో రికార్డైన ఆ ఊపిరి అక్కడ ఉందన్న సంగతే ఇన్నాళ్లు నాకు తెలియదు.

కిటికీ పగిలిన తరువాత తొమ్మిది సెకన్లు ఏమీ లేదు. గాజు ముక్కల మీద చెప్పుల చప్పుడు. అక్కడ వేలు కీబోర్డు మీదికి పోకుండా ఆపుకోవడం చాలా కష్టమైంది.

అన్నా, మీ మాట ఒకచోట నిలబడింది. చివర్లో హీరో పడిపోయే 12 సెకన్లు స్లోమోషన్. అక్కడ ఖాళీగా వదిలి చూశాను. మీరన్నట్టే పాడుబడ్డ ఇల్లులా ఉంది. మొత్తం బృందాన్ని అక్కడికి తెచ్చాను, ఆరు హారన్లతో సహా.

మిక్సింగ్ గది వారు తమ గదిలో పెద్ద స్పీకర్ల మీద వినిపించారు. మూడోసారి వేసినప్పుడు టీ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయి కప్పుల పళ్లెం పట్టుకునే నిలబడిపోయి, కిటికీ పగలగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. కొత్త బిట్టు పైన అదే చోట పెట్టాను.

గాంధీనగర్ మొదటి ఆట:

విన్నాను. ఆ తొమ్మిది సెకన్లు ఇంకా ఎక్కువే. నాలుగు చాలు. మా హాల్లో అంతసేపు వదిలితే బాల్కనీ నుంచి ఎవరో ఒకరు అరుస్తారు. 12 సెకన్ల దగ్గర మాత్రం లేచి నిలబడ్డాను.

అరండల్‌పేట ట్రంపెట్:

రెండో నిమిషం పదో సెకను దగ్గర మూడో ట్రంపెట్‌కు ఇంకా ఊపిరి రాయలేదు తమ్ముడూ. చూసుకో.