డీనా కార్టర్ ‘స్ట్రాబెర్రీ వైన్’: గిటార్ మీద నడక ఎక్కడ జారుతోంది?

ప్రశ్న
అమెరికన్ కంట్రీ గాయని డీనా కార్టర్ తొలి హిట్ ‘స్ట్రాబెర్రీ వైన్’ గిటార్ వాయిస్తూ పాడాలి. జీ, సీ, డీ కార్డులు (కలిపి మోగించే స్వరాలు) మార్చడం వచ్చు. నాలుగు దెబ్బల స్ట్రమ్మింగ్ వేస్తుంటే లైను చివర మాటలు తప్పిపోతున్నాయి. కేపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కి ఉంచే క్లిప్పు) పెట్టినా పల్లవిలో గొంతు అందడం లేదు. పదిహేడేళ్ల ప్రేమ కదా, ఆవిడ తన కథే రాసుకుందా?

తిశ్రం
నాలుగు దెబ్బలు ఈ పాటకు కుదరవు. ఇది వాల్ట్జ్, మూడు దెబ్బల నడక. ‘తకిట తకిట’ అని పైకి అంటూ మొదలుపెట్టండి. ‘త’ మీద బొటనవేలితో బేస్ తీగ ఒక్కటే మీటాలి: జీకి ఆరోది, సీకి ఐదోది, డీకి నాలుగోది. ‘కి’, ‘ట’ల మీద సన్న తీగలు మూడింటినీ తేలిగ్గా కిందికి దువ్వితే చాలు.

నాలుగు అలవాటైన చెయ్యి, స్వరం సాగేచోట తెలియకుండానే ఇంకో దెబ్బ కలిపేస్తుంది. మీ మాటలు తప్పేది అక్కడే. గొంతు ఆగినా తకిట ఆగకూడదు. మెట్రోనోమ్ (లయకు టిక్ టిక్‌మనే యంత్రం) ముందు దెబ్బకో టిక్ పెట్టుకుని, కుదిరాక ‘త’ మీద మాత్రమే వినబడేలా మార్చండి. మూడో దెబ్బ తొందరపడుతుంటే వెంటనే దొరికిపోతుంది. ఇంకొకటి, పల్లవి మొదటి మాటను ‘త’కు కాస్త ముందే ఎత్తుకోవాలి.

ఆరో తీగ
కేపో శ్రుతిని పెంచుతుందే గాని తగ్గించదు. అందుకే మీకు ఇంకా కష్టమైంది. జీ, సీ, డీ బదులు డీ, జీ, ఏ షేపులు (వేళ్లు పెట్టే తీరు) పట్టుకుని కేపో మూడో ఫ్రెట్‌లో, అంటే గిటార్ మెడ మీది మూడో గడిలో పెట్టండి, ఒక పూర్తి స్వరం దిగుతుంది. రెండో ఫ్రెట్‌లో పెడితే ఇంకో అర స్వరం. చరణం కింద నడుస్తుంది కాబట్టి దాన్ని చూసి శ్రుతి పెట్టుకుంటే మోసపోతాం. పల్లవిలో అన్నిటికన్నా పై స్వరం సుఖంగా పలికే చోటే మీ శ్రుతి.

జీ షేపులోనే ఉంటే, సీకి వెళ్లే ముందు తకిటలో దువ్వడం మానేసి మూడు బేస్ స్వరాలు మీటండి: ఆరో తీగ మూడో ఫ్రెట్, ఐదో తీగ ఖాళీగా, ఐదో తీగ రెండో ఫ్రెట్. నాలుగో స్వరం సరిగ్గా సీ మీద పడుతుంది. మూడు దెబ్బలకు మూడు స్వరాలు, వాల్ట్జ్‌లో ఇంత అందంగా అమరేది మరొకటి లేదు.

పల్లవి
పాట డీనా కార్టర్ రాసింది కాదు. మాట్రాకా బర్గ్, గ్యారీ హ్యారిసన్ రాశారు. విస్కాన్సిన్‌లో బర్గ్ తాత, అమ్మమ్మల పాడి పొలం దానికి ఆధారం. 1996లో కాపిటల్ నాష్‌విల్ అనే రికార్డు కంపెనీ విడుదల చేసింది. దాదాపు ఐదు నిమిషాల వాల్ట్జ్, రేడియోకు ఏమాత్రం అనువు కాదు. అయినా బిల్‌బోర్డ్ కంట్రీ చార్టులో మొదటి స్థానానికి వెళ్లి, 1997లో సీఎంఏ (కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్) వారి ఉత్తమ సింగిల్, ఉత్తమ గీతం పురస్కారాలు రెండూ తెచ్చుకుంది.

భావం గురించి: పాడుతున్నది పదిహేడేళ్ల పిల్ల కాదు, ఏళ్ల తర్వాత ఆ పొలానికి తిరిగొచ్చిన స్త్రీ. తను పోగొట్టుకున్నది ఆ అబ్బాయినా, తన అమాయకత్వాన్నా అన్నది చివర్లో ఆమెకే తేలదు. కాబట్టి చరణాలు మాట్లాడినట్టే పాడండి, గమకాలు వద్దు. ‘వైన్’ను సాగదీసేటప్పుడు ‘వా’ మీదే నిలిచి, ‘యిన్’ను చివరి క్షణంలో ముడవండి. ముందే ‘ఇ’కారానికి వెళితే గొంతు ముక్కులోకి పోతుంది.