మెషిన్ క్విల్టింగ్: వచ్చిన పనికే కట్టుబడాలా, రాని పని కూడా ఒప్పుకోవాలా?

మర్రిపాలెం మిషన్
అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం ఒకావిడ ఏడు చీరలు పట్టుకొచ్చారు. వాళ్ళమ్మగారివి. ఆవిడ పోయి ఏడాది కావస్తోందట, సంవత్సరీకానికి బొంత చేయించి చెల్లెలికి ఇవ్వాలట. రెండు మంగళగిరి, ఒకటి వెంకటగిరి, మిగతావి రోజూ కట్టుకునే నూలు చీరలు. ఫోన్లో ఒక బొమ్మ చూపించారు. బొంత నిండా తామర తీగలు, అంతా ఫ్రీ మోషన్, అంటే బట్టని చేత్తోనే ఎటు కావాలంటే అటు తిప్పుతూ కుట్టేది.
వాకింగ్ ఫుట్ (పైబట్టని కూడా నడిపించే మిషన్ పాదం) పెట్టి నిలువు గీతలు, గళ్ళు కొట్టమంటే నాకు భయం లేదు. ఫ్రీ మోషన్ మాత్రం చేతికి రావడం లేదు. వంపు తిరిగే చోట కుట్టు పెద్దదైపోతుంది. తిప్పి చూస్తే వెనక దారం కనురెప్ప వెంట్రుకల్లా పరుచుకుని ఉంటుంది. ఆర్నెల్లుగా ఇదే వరస. టైము ఇరవై రోజులే. అడ్వాన్సు ఇంకా తీసుకోలేదు. ఒప్పుకోనా, వద్దననా?

బొంతలక్క
ఒప్పుకో తల్లీ. ముందు ఒప్పుకో, తర్వాత నేర్చుకో. నేను పదకొండేళ్ళుగా మిషన్ మీద బొంతలు కుడుతున్నాను. నాకు వచ్చిన ప్రతి పనీ ఎవరో ఒకరి ఆర్డరు మీద నేర్చుకున్నదే. ఇంట్లో పాత లుంగీ ముక్క మీద ఏడాది కుట్టినా రాని చెయ్యి, గడువున్న పని మీద వారంలో వస్తుంది.
వెంట్రుకల్లా వస్తోందన్నావు కదా, అది దారం టెన్షన్ (బిగువు) తప్పొక్కటే కాదు. వంపు దగ్గర చెయ్యి ముందుకు పరిగెడుతోంది, సూది వెనకబడుతోంది. అందుకే దారం ఒక పక్కకి లాగేస్తోంది. కాలు గట్టిగా నొక్కు, చెయ్యి నెమ్మదిగా కదుపు. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు, భయంతో కాలు తీసేసి చెయ్యి విసురుతారు. వేళ్ళకి రబ్బరు చుక్కల గ్లవ్స్ వేసుకో. మన ఊరి ఉక్కపోతకి చెమట చేత్తో బట్ట జరపడం కష్టం.
నాకు గీతలే వచ్చు అని కూర్చుంటే పదేళ్ళ తర్వాత కూడా గీతలే వస్తాయి.

జ్ఞానాపురం టైలర్
అమ్మా, నేను క్విల్టింగ్ మనిషిని కాను, ముప్పై ఆరేళ్ళుగా టైలర్ని. అయినా చెప్పాలనిపించి రాస్తున్నాను. ఒప్పుకోవద్దు.
మొదటిది, బట్ట. కట్టి కట్టి ఉతికిన నూలు చీర అది. పోగు నీరసించి ఉంటుంది. మంగళగిరి కాస్త గట్టిది, వెంకటగిరి పలచన. రెండూ పక్కపక్కన వేసి, వాటి మీద సన్నటి తీగలు దగ్గర దగ్గరగా తిప్పితే సూది పోట్లకే బట్ట చిల్లులు పడుతుంది. ఒకే చోట రెండుసార్లు తిరిగిందా, ఇక కాగితం చించినట్టు చిరుగుతుంది. పాత చీరకి దూరం దూరం గీతలే మేలు.
రెండోది, చెయ్యి. మీకు గీత వచ్చు అన్నారు. అది చిన్న విషయం కాదు. అరవై అంగుళాల వెడల్పు, ఎనభై అంగుళాల పొడవు బొంతకి అంగుళానికో గీత వేస్తే యాభై తొమ్మిది గీతలు. మొత్తం 4,720 అంగుళాలు, అంటే దగ్గర దగ్గర 120 మీటర్ల కుట్టు. అంగుళానికి పది చొప్పున 47 వేల పైచిలుకు కుట్లు. ఇన్నిట్లో ఒక్కటీ వంకర పోకుండా, అడుగున ఒక్క ముడత పడకుండా తెచ్చేవాళ్ళు ఎంతమంది ఉంటారు?

భీమిలి దారం
ఫీడ్ డాగ్, అదే సూది కింద బట్టని ముందుకి తోసే పళ్ళు, కిందకి దించుతున్నారా? దించకపోతే ఫ్రీ మోషన్ ఎలా వస్తుంది?

మర్రిపాలెం మిషన్
నాది నల్ల తల మిషన్ అండీ, దానికే మోటారు పెట్టించాను. పళ్ళు దించే మీట లేదు. కుట్టు పొడవు సున్నా చేసి కుడుతున్నాను.

భీమిలి దారం
అదీ సంగతి. పళ్ళు బట్టని లాగుతుంటే మీ చెయ్యేం చేస్తుంది? పైన ప్లేటు పెట్టి మూసేయండి.

బొంతలక్క
దించక్కర్లేదు, మూయక్కర్లేదు. పొడవు సున్నా చేశాక పళ్ళు ఉన్న చోటే పైకీ కిందకీ ఆడతాయి, బట్టని ముందుకి తోయవు. నేను దించకుండానే కుడతాను.

భీమిలి దారం
మీ మిషన్‌కి సున్నా అంటే నిజంగా సున్నా కావచ్చు. పాత మిషన్లలో మీట అరిగిపోయి సున్నా దగ్గర పెట్టినా కాస్త లాగుతుంది. ఆవిడ మిషన్ చూడకుండా అక్కర్లేదని ఎలా చెప్తారు?

బొంతలక్క
మరి మీరు చూశారా?

కంచరపాలెం గుంట
ఏటండీ ఇది, ఆయమ్మ అడిగిందేటి, మీరు సెప్తున్నదేటి? ఆర్డరు తీసుకోవాలా వద్దా అంటే పళ్ళ కాడ ఆగిపోయారు.

ఎంవీపీ కాలనీ అమ్మమ్మ
మా అత్తగారు చేత్తో కుట్టేవారు, నేలంతా పరుచుకుని, దబ్బనంతో. మిషన్ బొంతకి ఆ మెత్తదనం రాదమ్మా.

బొంతలక్క
అమ్మమ్మగారూ, ఈ మాట ప్రపంచమంతా అన్నదే. అమెరికాలో, కెంటకీ రాష్ట్రం పడూకాలో పెద్ద క్విల్ట్ ప్రదర్శన జరుగుతుంది. 1989లో అక్కడ క్యారిల్ బ్రయర్ ఫాలర్ట్ అనే ఆవిడ మిషన్ మీద కుట్టిన క్విల్ట్‌కి అన్నిటికంటే పెద్ద బహుమతి వచ్చింది. మిషన్ పనికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. చేత్తో కుట్టేవాళ్ళు చాలామంది మండిపడ్డారు. ఆవిడ నాకు చెయ్యి పనే వచ్చు అని ఊరుకుని ఉంటే ఏమయ్యేది?
మాస్టారూ, కోపగించుకోకండి. స్కేలు పెట్టి గీత గీసి దాని మీద పోవడం ఎవరైనా చేస్తారు. వాకింగ్ ఫుట్ పెడితే పైబట్టనీ అడుగుబట్టనీ అదే సమంగా నడిపిస్తుంది. బొంతకి అందం తెచ్చేది తీగ, పువ్వు. డబ్బులిచ్చేది కూడా దానికే.

జ్ఞానాపురం టైలర్
ఎవరైనా చేస్తారా?
అయితే అడుగుతున్నా. పక్కపక్క గీతలు ఒకటి పై నుంచి కిందకి, రెండోది కింద నుంచి పైకి కొడితే ఏమవుతుందో మీకు తెలుసా? బట్ట ఒక్కో గీతకీ ఒక్కో పక్కకి లాగి, మధ్యలో ఏటవాలుగా అలలు లేస్తాయి. అన్నీ ఒకే వైపు నుంచి కొట్టాలి. నడుమ నుంచి మొదలుపెట్టి అంచులకి రావాలి. సగం బొంత చుట్ట చుట్టి మిషన్ మెడ కింద ఆరేడు అంగుళాల సందులో దూర్చాలి, దాని బరువు బల్ల మీద నుంచి జారి సూదిని లాగకుండా ఎడమ చేత్తో ఎత్తి పట్టుకోవాలి. సూది వంగితే గీత వంగుతుంది. వాకింగ్ ఫుట్ మీకు ఇవన్నీ చేసి పెడుతుందా?

రాత్రి కుట్టు
నడుమ నుంచే అని రూలేం లేదండీ. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు సిద్దీ ఆడవాళ్ళు కవంది అని కుడతారు. అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి వెళ్తారు. అది చేతి పని అనుకోండి.

జ్ఞానాపురం టైలర్
చేతి పని వేరు బాబూ. నేను చెప్పేది మిషన్.

వాల్తేరు సూది
నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదువుతుంటాను. ఇవాళ రాయక తప్పడం లేదు.
మా అమ్మవి ఐదు చీరలు ఒకావిడకి ఇచ్చాను. పేరు, ఊరు చెప్పను. తీగలు కావాలన్నాను, తప్పకుండా వస్తాయండీ అంది. బొంత వచ్చింది, పైన చూడ్డానికి బాగానే ఉంది. మొదటి ఉతుకుకే వెనక దారాలు లేచాయి. అమ్మ వంకాయ రంగు చీర ముక్కలో పువ్వు చుట్టూరా బట్ట గుండ్రంగా ఊడి వచ్చింది. అడిగితే చీర పాతదండీ అంది. పాతదని ఇచ్చేటప్పుడు నేనే చెప్పాను. ఆ ముక్క ఇప్పుడు కవర్లో పెట్టి బీరువాలో ఉంచాను. ఇంకొకటి కొనుక్కుందామంటే దొరికే చీర కాదు కదా.
బొంతలక్క గారూ, ఆర్డరు మీద నేర్చుకున్నానన్నారు. నేర్చుకునేటప్పుడు పాడైన బట్టలు ఎవరివి?

బొంతలక్క
మీకు జరిగింది అన్యాయమే. చదువుతుంటే నాకే కడుపులో తిప్పింది.
కానీ ఈ ప్రశ్నకి నిజం చెప్తాను. పాడయ్యాయి. మూడు. రెండింటికి డబ్బు తిరిగిచ్చాను, ఒకటి విప్పి మళ్ళీ కుట్టాను. అప్పుడు నాకు ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు, ఆయనకి పని లేదు. హుద్‌హుద్ వచ్చిన ఏడాది అది, 2014. కరెంటు వచ్చాక చూస్తే మిషన్ లోపల షటిల్ దగ్గర తుప్పు. దాన్ని కిరసనాయిలుతో తోమి నూనె వేసుకుని మళ్ళీ మొదలుపెట్టాను. వచ్చిన ఆర్డరుకి నాకు రాదండీ అనే పరిస్థితి నాకు లేదు. రాదు అని చెప్పగలగాలంటే ఇంట్లో ఇంకో సంపాదన ఉండాలి. ఇక్కడ అందరూ అది వదిలేసి నీతి చెప్తున్నారు.

జ్ఞానాపురం టైలర్
ఇంకో సంపాదన నాకెప్పుడూ లేదు తల్లీ. ప్యాంట్లు కుట్టేవాణ్ణి. పండగకి ముందు రాత్రిళ్ళు నలుగురం కుట్టినా తెమిలేది కాదు. రెడీమేడ్ వచ్చింది, ఒక్కొక్కరే మానేశారు. ఇప్పుడు నా దగ్గరకొచ్చేది పొడవు తగ్గించడానికి, జిప్పు మార్చడానికి. పదేళ్ళ కిందట ఆడవాళ్ళ జాకెట్లు నేర్చుకోమని మా ఆవిడ పోరింది. నా చేతికి ప్యాంటు వచ్చు, అదే చాలనుకున్నాను. ఆ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. వచ్చిన పనిని పట్టుకుని కూర్చుంటే అదే మనల్ని వదిలేస్తుంది.
నాకు కోపం వచ్చింది ఇందుకు కాదు. గీత ఎవరైనా కొడతారు అన్నారు. ప్యాంటు పక్క కుట్టు మూడున్నర అడుగుల గీత. ముప్పై ఆరేళ్ళు నేను కొట్టింది అదే.

బొంతలక్క
ఆ మాట తప్పే మాస్టారూ. వెనక్కి తీసుకుంటున్నాను. నిజం చెప్పాలంటే నాకు గీతలు సరిగ్గా రావు. తీగలు ఎక్కువ కుట్టడానికి అదీ ఒక కారణం. తీగలో వంకర పోతే వంపులో కలిసిపోతుంది, గీతలో పోతే ఊరంతా కనిపిస్తుంది.

వాల్తేరు సూది
నాకు తీగ రాకపోయినా బాధ లేదండీ. రాదు అని ముందే చెప్పి ఉంటే గీతలే వేయమనేదాన్ని. అమ్మ చీర మిగిలేది.

కంచరపాలెం గుంట
ఇదిగో, ఇప్పుడు సరైన కాడికి వచ్చారు. నేర్చుకోవద్దని ఎవరన్నారు, సెప్పి సెయ్యమంటున్నారు.

బొంతలక్క
చెప్పి చేస్తే సగం మంది ఇవ్వరు, గుంటమ్మా. అది కూడా నిజమే. ఆ సగం పోయినా తట్టుకోగలిగితే చెప్పండి. నేను ఇప్పుడు చెప్తున్నాను, అప్పుడు చెప్పలేదు.

భీమిలి దారం
ప్లేటు సంగతి మాత్రం నేను చెప్పిందే కరెక్టు.

మర్రిపాలెం మిషన్
అందరికీ ధన్యవాదాలు. నాలుగు రోజులు రాయలేదు, కారణం ఉంది.
ఆవిడని పిలిచాను. ముందు రోజు రాత్రి మా అత్తయ్య పాత నూలు చీరతో రెండు నమూనాలు కుట్టి ఉంచాను, అడుగున్నర చదరం, మూడు పొరలు. ఒకటి గీతలు, ఒకటి తామర తీగ. బొంతలక్క చెప్పినట్టు కాలు నొక్కి చెయ్యి ఆపుకున్నాను. భీమిలి వారు చెప్పినట్టు పళ్ళ మీద అట్ట పెట్టి టేపు అంటించాను, నా మిషన్ నిజంగానే కాస్త లాగుతోంది. నాలుగు పువ్వుల్లో రెండు బాగా వచ్చాయి. మిగతా రెండూ వెనక వెంట్రుకలే.
రెండు ముక్కలూ తిరగేసి ఆవిడ ముందు పెట్టాను. ఇదండీ నా చెయ్యి, ఇది వచ్చు, ఇది ఇంకా రాలేదు అన్నాను. ఆవిడ పైవైపు చూడనే లేదు. వెనక వైపు వేలితో రాస్తూ కూర్చున్నారు. వెంకటగిరి చీర కొంగు ఎక్కడ వస్తుందని అడిగారు. నడుమ పెడతానన్నాను. గీతలే వేయమన్నారు, కానీ ఆ కొంగు మీద ఒక్క తామర పువ్వు కావాలన్నారు. అది పది రోజులు వేరే బట్ట మీద కుట్టి, ఆవిడకి చూపించి, సరే అన్నాకే వేస్తానన్నాను. రాకపోతే అక్కడా గీతే. అడ్వాన్సు సగం తీసుకున్నాను.
ఇప్పుడొక అనుమానం. వెంకటగిరి మరీ పలచగా ఉంది, వెలుతురుకి పెడితే చెయ్యి కనిపిస్తోంది. దాని కింద ఏదైనా వేయాలా? దారం ఏ రంగు?

జ్ఞానాపురం టైలర్
కింద పలచటి మల్లు గుడ్డ అస్తరులా వెయ్యండమ్మా, ముందు ఉతికి ఆరేసి. లేకపోతే తర్వాత ముడుచుకుంటుంది. కొంగు అంచులు నాలుగు పక్కలా చేత్తో టాకాలు వెయ్యండి. పిన్నీసులు పలచటి చీరకి వద్దు, చిల్లు పడుతుంది. సూది కొత్తది పెట్టండి.

బొంతలక్క
గీతలకి చీర రంగు దారం, పువ్వుకి ఒక ఛాయ ముదురు. తెల్లది వద్దు, చిన్న తప్పు కూడా దాచదు. పువ్వు మొదలుపెట్టేటప్పుడు కింది దారం పైకి లాగి పట్టుకో, లేకపోతే మొదట్లోనే వెనక ముడి పడుతుంది.
మాస్టారూ, గీతలన్నీ ఒకే వైపు నుంచి అన్నారు కదా. ప్రతి గీతకీ బొంత మొత్తం వెనక్కి తెచ్చుకోవాలా?

జ్ఞానాపురం టైలర్
తెచ్చుకోవాలి. యాభై తొమ్మిది సార్లూ.