అప్‌డేట్: 1000 మైక్రోలీటర్ల పిపెట్ తక్కువ వదలడానికి కారణం దొరికింది

పిపెట్‌ని (ద్రవాన్ని కొలిచి తీసి వదిలే పరికరం) 1000 దగ్గర సెట్ చేస్తే నీరు దాదాపు 1000 మిల్లీగ్రాములు తూగాలి, కానీ 970 మిల్లీగ్రాములే తూగుతోందని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనికొచ్చిన సలహా లీక్ టెస్ట్. టిప్ (పిపెట్ చివర తగిలించే ప్లాస్టిక్ గొట్టం) నిండా నీళ్లు తీసుకుని, పిపెట్‌ని నిటారుగా 20 సెకన్లు కదపకుండా పట్టుకోమన్నారు కదా, అంతలోనే టిప్ చివర చుక్క కట్టింది. టిప్ మార్చినా అదే తంతు. అంటే గాలి లోపలెక్కడో లీకవుతోందన్నమాట. సర్వీస్ టెక్నీషియన్ విప్పి చూస్తే పిస్టన్ దగ్గరి ఓ-రింగ్ (గాలి పోకుండా ఆపే రబ్బరు రింగు) గట్టిపడి, సన్నగా పగిలి ఉంది. దాన్ని మార్చి, పిస్టన్ తుడిచి, కొద్దిగా గ్రీజు రాసి కాలిబ్రేట్ చేశారు (కొలత సరిచూసి సెట్ చేశారు). ఇప్పుడు 997 మిల్లీగ్రాముల దగ్గర వస్తోంది (ఒక మైక్రోలీటర్ నీరు దాదాపు ఒక మిల్లీగ్రాము). పిపెట్లకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8655 ప్రకారం ఈ సైజుకి 8 మైక్రోలీటర్ల తేడా వరకు ఓకే.

బ్యాలెన్స్‌ని (తూకం యంత్రాన్ని) అనవసరంగా అనుమానించాం, దాని తప్పేం లేదు. నీటి ఉష్ణోగ్రత వల్ల కూడా కాదు: 20 నుంచి 25 డిగ్రీలకి పెరిగితే సాంద్రత 0.1 శాతమే తగ్గుతుంది, నాకు పోతున్నది 3 శాతం. కాలిబ్రేషన్ స్క్రూ తిప్పి సరిచేయమన్న సలహా మాత్రం ఎవరూ పాటించకండి. లీకు అలాగే ఉంటుంది, అంకె మాత్రం బాగా కనిపిస్తుంది!